పౌరశాస్త్రము చదివిన తరములు

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు పెద్దలు వ్రాయుచున్నారు. మేము ఒక చిన్న విషయమును ఎన్నుకొంటిమి. ఇంటర్మీడియట్ తరగతిలో సివిక్స్ అని అందరు పిలుచు పౌరశాస్త్రము మన ప్రాంతమునకు ఎట్లు వచ్చినది, ఎవరు చదివిరి, ఏ భాషలో చదివిరి, ఇప్పుడు మన పిల్లలు దానిని ఎందుకు విడిచిపెట్టుచున్నారు అనునది ఆ విషయము. చిన్న విషయమని ఎందుకు అనుచున్నామనగా, పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున మన ఇండ్లలో దీని పేరు ఎవరును ఎత్తరు. ఎంపీసీయా, బైపీసీయా అను రెండు మాటలతోనే ఆ చర్చ ముగియును. అయినను ఈ చదువు నడచిన దారిని చూచినయెడల, మన తాతలు, మన తండ్రులు, మనము ప్రభుత్వము ఎదుట ఎట్లు నిలిచితిమో ఆ కథయే అందులో కనబడును.

ఈ కథ జరిగిన స్థలము మనకు దూరము కాదు. సికింద్రాబాదు నుండి ఉప్పలు పోవు దారిలో మెట్టుగూడ దాటగానే తార్నాక వచ్చును. పూర్వము ఇక్కడ ఒక తోటకు తీగకంచె, కంచె యొద్ద నాకా ఉండెడివనియు, తార్, నాకా అను రెండు మాటలు కలిసి తార్నాక అయినదనియు పెద్దలు చెప్పుదురు. 2017 నవంబరు నుండి ఆ కూడలి మీదుగా మెట్రో రైలు నడచుచున్నది. కూడలి నుండి దక్షిణముగా తిరిగినచో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ. ఆ చెట్ల నీడలో పాఠములు చెప్పినవారును, పాఠములు మాని వీధికి వచ్చినవారును కలిసి మన రాష్ట్రపు రాజకీయ చరిత్రలో పెద్ద భాగమును వ్రాసిరి.

రయ్యతులు చదివిన రాజనీతి

నిజాము నవాబు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో ఈ విశ్వవిద్యాలయమును స్థాపించెను. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతములోని భవనములలో ఇంటర్మీడియట్ తరగతితో బోధన ఆరంభమైనది. ఆ దినములలో ఇంటర్మీడియట్ విశ్వవిద్యాలయమునకే మొదటి మెట్టు. దానికి వేరు బోర్డు లేదు. ఇంగ్లీషులో గాక ఉర్దూలో సకల శాస్త్రములను బోధించుట దీని ప్రత్యేకత. పుస్తకములు లేనందున, దారుల్ తర్జుమా అను అనువాద శాఖను 1917లోనే నెలకొల్పిరి. ఒక్కొక్క పారిభాషిక పదమునకు పండితులు కూర్చుండి, చర్చించి, ఉర్దూ మాటను నిర్ణయించెడివారు. అట్లు రాజనీతిశాస్త్రము సియాసియాత్ అను పేరుతో తరగతిలో అడుగుపెట్టినది. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన హరూన్ ఖాన్ షేర్వానీ గారు చాలకాలము చరిత్రకును రాజనీతికిని ఆచార్యులుగా ఉండిరి. బహమనీ సుల్తానుల చరిత్రను వ్రాసినవారు వీరే. తరువాత అడిక్‌మెట్ వైపున సుమారు 1,400 ఎకరముల భూమిలో ఇప్పటి ఆవరణ వెలసినది. రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనము 1939 డిసెంబరు 4న తెరువబడినది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఆ గదులలో కూర్చుండి ఇతర దేశముల పార్లమెంటులను గూర్చి, రాజ్యాంగములను గూర్చి చదివిన యువకులకు స్వంత సంస్థానములో ఓటు లేదు. వారు పౌరులు కారు, రయ్యతులు. 1893 నుండి శాసన పరిషత్తు ఒకటి ఉన్నను అందులో ప్రజల మాట చెల్లునంతమంది ప్రజాప్రతినిధులు లేరు. 1937లో అరవముదు అయ్యంగారి అధ్యక్షతన ఒక సంఘమును వేసి, 1939లో కొన్ని సంస్కరణలను ప్రకటించిరి. అవి కూడ ఊరివారందరు కలిసి తమ ప్రతినిధిని ఎన్నుకొను పద్ధతి కాదు; వృత్తులను బట్టి, వర్గములను బట్టి స్థానములను పంచిన పద్ధతి. కూలివానికి గాని పాలేరుకు గాని అందులో చోటు దొరకునను ఆశ లేదు.

భాష సంగతి మరియొకటి. సంస్థానములో అన్నిటికంటె ఎక్కువమంది మాటలాడు భాష తెలుగు. అయినను 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో జరిగిన ఒక సభలో ఒక వక్త తెలుగులో మాటలాడబోగా సభికులు ఎగతాళి చేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. సభలోనే తెలుగు మాటకు చోటు లేనప్పుడు, ప్రభుత్వమును గూర్చిన చదువు తెలుగులో ఉండునని ఎవరు తలంచగలరు?

పాట పాడి వెలివేయబడినవారు

1938 చివరిలో ఉస్మానియా వసతిగృహములలోని విద్యార్థులు ప్రార్థన వేళ వందేమాతరము పాడసాగిరి. అధికారులు పాడరాదనిరి. విద్యార్థులు మానలేదు. వందలమందిని వసతిగృహముల నుండియు, తరగతుల నుండియు వెళ్లగొట్టిరి. సమ్మె ఇతర పట్టణములలోని కళాశాలలకు కూడ పాకినది. చదువు పోయిన ఆ పిల్లలకు నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరచినది. అప్పటి ఉపాధ్యక్షులు టి. జె. కేదార్ గారు వారిని చేర్చుకొనిరి. ఒక ప్రభుత్వము వెళ్లగొట్టిన విద్యార్థులను మరియొక ప్రాంతపు విశ్వవిద్యాలయము ఆదరించుట ఆ కాలములో సామాన్యమైన పని కాదు.

అట్లు వెళ్లినవారిలో వరంగల్‌లో ఇంటర్మీడియట్ చదువుచున్న ఒక యువకుడు ఉండెను. ఆయన పేరు పి. వి. నరసింహారావు. ఆయన పేరు ఈ వ్యాసములో ఇంకను రెండు తావుల రానున్నది. ఇంటర్మీడియట్ వయస్సులో, తరగతి వెలుపల, ఆ పిల్లలు నేర్చుకొన్న పౌరశాస్త్రము ఏదనగా: ఆజ్ఞ ఇచ్చినవాడు ఏ అధికారముతో ఇచ్చుచున్నాడు అని అడుగుట. ఈ శాస్త్రమునకు మొదటి ప్రశ్న అదియే.

రయ్యతులు పౌరులైన దినము

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశములో కలిసినది. ఉస్మానియాలో ఉర్దూ స్థానమును ఇంగ్లీషు తీసికొన్నది. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. 1952లో జరిగిన ఎన్నికలలో, 21 సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును, చదువు ఉన్నను లేకున్నను, భూమి ఉన్నను లేకున్నను, ఓటు వేయు హక్కు పొందిరి. గడీ ఎదుట చెప్పులు విడిచి నడచిన మన తాతలు ఆ సంవత్సరము దొరతో సమానమైన ఒక్క ఓటును పెట్టెలో వేసిరి. మన గ్రామ సంఘములలోని వృద్ధులు ఆ దినమును చాలకాలము చెప్పుకొనిరి.

ఆ రాజ్యాంగ రచనలో మన విశ్వాసులకును భాగము ఉన్నదని మన యౌవనస్థులలో కొద్దిమందికే తెలియును. రాజ్యాంగ పరిషత్తునకు ఉపాధ్యక్షులైన హెచ్. సి. ముఖర్జీ గారు బెంగాలుకు చెందిన క్రైస్తవులు. క్రైస్తవులకు ప్రత్యేక స్థానములు అక్కరలేదని, దేశపు ప్రజలందరితో కలిసి నడచెదమని నిర్ణయించినవారిలో ఆయన ముఖ్యులు. మతస్వేచ్ఛను చెప్పు 25వ అధికరణము, అల్పసంఖ్యాకులు విద్యాసంస్థలు నడుపుకొను హక్కును చెప్పు 30వ అధికరణము ఆ పరిషత్తులోనే రూపొందినవి. ఈ సంచికలో ఎన్ని పాఠశాలల చరిత్రలు ఉన్నవో, ఆ పాఠశాలలన్నిటికిని ఆ 30వ అధికరణము కావలి గోడ.

తెలుగులో పుస్తకము

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ ఈ చదువు చాలకాలము ఇంగ్లీషు చదువుగానే ఉండెను. పి.యు.సి. అను ఒక సంవత్సరపు తరగతి విశ్వవిద్యాలయము క్రింద నడచెడిది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. దానికి మొదటి అధ్యక్షులు, అప్పటి విద్యామంత్రి పి. వి. నరసింహారావు గారు. పాట పాడినందుకు కళాశాల పోగొట్టుకొన్న ఇంటర్మీడియట్ విద్యార్థి, ముప్పది సంవత్సరముల తరువాత, ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగు పుస్తకములు వ్రాయించు సంస్థకు అధ్యక్షుడాయెను. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడి, రెండు సంవత్సరముల తరగతి దాని చేతికి వచ్చినది.

ఒకప్పుడు దారుల్ తర్జుమా ఉర్దూ కొరకు చేసిన పనిని తెలుగు అకాడమి తెలుగు కొరకు చేసినది. సార్వభౌమత్వము, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రములు, ద్విసభా విధానము, సమాఖ్య మొదలగు మాటలు పల్లెటూరి కుర్రవాని నాలుకకు అలవాటైనవి అకాడమి పుస్తకముల వలననే. హెచ్.ఇ.సి. అనగా చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము. సి.ఇ.సి. అనగా చరిత్రకు బదులు వాణిజ్యశాస్త్రము. మొదటి సంవత్సరము రాజ్యము, జాతి, చట్టము, స్వేచ్ఛ, సమానత్వము, న్యాయము, పౌరసత్వము, ప్రజాస్వామ్యము మొదలగు భావములు. రెండవ సంవత్సరము భారత రాజ్యాంగము, కేంద్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వము, న్యాయస్థానములు, స్థానిక సంస్థలు, ఎన్నికలు. ఎన్నో ఏండ్లు ప్రశ్నపత్రము 100 మార్కులకు ఉండెను: 10 మార్కుల వ్యాసములు 3, 5 మార్కుల ప్రశ్నలు 8, 2 మార్కుల ప్రశ్నలు 15. పరీక్ష నాటికి గైడు పుస్తకము పట్టుకొని బట్టీపట్టినవారు అనేకులు. ఆ లోపము ఉన్నమాట నిజమే. అయినను బట్టీపట్టిన 21వ అధికరణము కూడ, పోలీసు ఠాణా మెట్లెక్కవలసిన దినమున మనిషికి కొంత ధైర్యము ఇచ్చును.

ఆవరణలో నుండి రాజ్యాంగములోనికి

పుస్తకములో ఉన్నది తరగతిలోనికి వచ్చుట అన్ని ఊళ్లలోను జరుగును. తరగతి ఆవరణలో జరిగినది పుస్తకములోనికి పోవుట తార్నాక దగ్గర జరిగినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తెలంగాణమునకు ఇచ్చిన హామీలు నెరవేరలేదని 1969లో విద్యార్థులు లేచిరి. ఉస్మానియా ఆవరణ ఆ ఉద్యమమునకు గుండెకాయ. తరువాత 1972లో ఆంధ్ర ప్రాంతములో మరియొక ఉద్యమము. ఈ రెండింటి తరువాత 1973లో ఆరు సూత్రముల పథకము, దానిననుసరించి 32వ రాజ్యాంగ సవరణ, దానితో 371-డి అధికరణము వచ్చినవి. ఉద్యోగములలోను, విద్యాలయ ప్రవేశములలోను రాష్ట్రములోని వేర్వేరు ప్రాంతములవారికి న్యాయమైన అవకాశము ఉండవలెనని ఆ అధికరణము చెప్పును. లోకల్, నాన్‌లోకల్ అను మాటలు మన ఇండ్లలో వినబడుటకు మూలము అదియే. మన పిల్లవాడు ఏ జిల్లాలో ఏడు తరగతులు చదివెనని దరఖాస్తులో అడుగుట వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

2009 నవంబరు, డిసెంబరు మాసములలో అదే ఆవరణ మరల కదలినది. డిసెంబరులో ఏర్పడిన రాజకీయ ఐక్య కార్యాచరణ సమితికి అధ్యక్షులైన ప్రొఫెసర్ కోదండరామ్ గారు ఉస్మానియాలో రాజనీతిశాస్త్రము బోధించినవారే. చివరకు రాజ్యాంగములోని 3వ అధికరణము ప్రకారము పార్లమెంటు చట్టము చేయగా, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఆ పోరాటములో యువకులు అనేకులు ప్రాణములు తీసికొనిరి. ఆ తల్లుల దుఃఖమును తలంచక ఆ చరిత్రను చెప్పరాదు. మేము ఇక్కడ ఒక్క మాట మాత్రము చెప్పుదుము: 3వ అధికరణము ఏమి చెప్పునో, పార్లమెంటు ఏమి చేయగలదో, శాసనసభ అభిప్రాయమునకు ఎంత బలమున్నదో తెలిసినవాడు నిరాశపడుటకు ముందు నాలుగు దారులు చూడగలడు. తెలియనివానికి ఒక్క దారియే కనబడును.

ఇదే ఆవరణలో రాజనీతిశాస్త్రాచార్యులుగా పని చేసిన జి. రాంరెడ్డి గారు పంచాయతీరాజ్‌ను గూర్చి పరిశోధన చేసిరి. 1977 నుండి 1982 వరకు ఉపాధ్యక్షులుగా ఉండి, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. ఇప్పుడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది అదియే. ఇంటర్మీడియట్ లేనివారు కూడ ప్రవేశపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరు మార్గము అక్కడ ఏర్పడినది. పంచాయతీలకు రాజ్యాంగ బలమునిచ్చిన 73వ సవరణ, పురపాలక సంఘములకు బలమునిచ్చిన 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినవి. అప్పటి ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు గారు. ఆ సవరణల వలన స్థానములలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్త్రీలకు కేటాయింపబడినవి. తెలుగు పాఠ్యపుస్తకములో ఒక కొత్త అధ్యాయము చేరినది.

ఓటు వచ్చు వయస్సు

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి. 61వ సవరణ వలన 1989లో ఓటు వయస్సు 21 నుండి 18కి దిగినది. పదునెనిమిది అనగా ఇంటర్మీడియట్ ముగించు వయస్సు. అంతకుముందు చదువు ముగించిన కొన్ని ఏండ్లకు ఓటు వచ్చెడిది. ఇప్పుడు హాల్‌టిక్కెట్టును, ఓటరు కార్డును దాదాపు ఒకే కాలములో చేతికి వచ్చుచున్నవి. న్యాయముగా చూచినయెడల 1989 తరువాత ఈ పాఠము యొక్క విలువ పెరుగవలసినది. జరిగినది వేరు. ఇంజినీరింగు, వైద్య కళాశాలల ప్రవేశపరీక్షల మోజులో పౌరశాస్త్రము చదువు గ్రూపులు ప్రైవేటు కళాశాలలలో తగ్గిపోయినవి. ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో, ఫీజు కట్టలేనివారి పిల్లలకు మిగిలిన గ్రూపులుగా వాటిని చూచుచున్నారు. ఎంపీసీలో చేరిన పిల్లవాడు ప్రభుత్వమును గూర్చి చివరిసారి చదువునది పదవ తరగతి సాంఘికశాస్త్రములో, అనగా ఓటు వచ్చుటకు రెండు మూడు సంవత్సరములు ముందు.

దీనిలో ఒక విచిత్రము కూడ ఉన్నది. పదునారవ ఏట ఆర్ట్స్ గ్రూపు పనికిరాదని చెప్పించుకొన్న పిల్లలే, ఇంజినీరింగు ముగించి, ఇరువదియైదవ ఏట గ్రూప్ 1, గ్రూప్ 2 పరీక్షల కొరకు అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులలో గది అద్దెకు తీసికొని భారత రాజ్యాంగము చదువుచున్నారు. ఉస్మానియా గ్రంథాలయములోను, ఆవరణలోని చెట్ల క్రింద కూడ వారు కనబడుదురు. మన సంఘముల యౌవనస్థులు కూడ వారిలో ఉన్నారు. ఉచితముగా దొరకు వయస్సులో వద్దనుకొన్న పాఠమునకు పదేండ్ల తరువాత వేల రూపాయలు కట్టుచున్నాము.

సర్టిఫికెట్టు వెనుక ఉన్న చరిత్ర

సంఘకాపరులుగా మా యొద్దకు బాప్తిస్మ పత్రము కొరకు, సంతకముల కొరకు తల్లిదండ్రులు వచ్చుచుందురు. పిల్లవాని కుల ధ్రువీకరణ పత్రములో ఏమి వ్రాయుదురోనని వారికి భయము. బి.సి.-సి అనగా ఏమిటి, ఎందుకు వచ్చినది అని అడిగినచో చెప్పగలవారు కొద్దిమంది. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఆ హోదాను పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించిరి. క్రైస్తవులు అందులో చేరలేదు. మన రాష్ట్రములో 1970లో వెనుకబడిన తరగతులను నాలుగు గుంపులుగా విభజించినప్పుడు, షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారిని ‘సి’ గుంపులో పెట్టి 1 శాతము కేటాయించిరి. ఈ విషయములో సంఘస్థుల అభిప్రాయములు వేరు వేరుగా ఉండవచ్చును. మేము వాదము చేయుట లేదు. అయితే మన బిడ్డ భవిష్యత్తును నిర్ణయించు కాగితము ఏ ఉత్తర్వు వలన, ఏ సంవత్సరములో పుట్టినదో తెలియకుండ కార్యాలయపు వరండాలో నిలువబడుట తగదు. రోమా అధికారులు కొరడాలతో కొట్టింపబోయినప్పుడు అపొస్తలుడైన పౌలు తాను రోమా పౌరుడనని చెప్పుకొనెను. ఆయనకు తన పౌరసత్వపు విలువ తెలియును, దానిని ఏ గడియలో చెప్పవలెనో కూడ తెలియును.

మన సంఘములు చేయదగినది

అందరు పిల్లలను పౌరశాస్త్రములో చేర్చుడని మేము చెప్పము. వైద్యులు కావలెను, ఇంజినీర్లు కావలెను. అయితే చరిత్ర యందు, ప్రభుత్వ వ్యవహారముల యందు ఆసక్తి గల బిడ్డ ఇంటిలో ఉన్నచో, ఆ బిడ్డ నోరు నొక్కవద్దని తల్లిదండ్రులను వేడుకొనుచున్నాము. ఆ గ్రూపులో చేరినవానిని తక్కువ మార్కులవానిగా ఎంచు మాట మన దేవాలయపు ఆవరణలో వినబడరాదు. న్యాయవాది, జర్నలిస్టు, తహసీల్దారు, ఉపాధ్యాయుడు, సర్పంచి ఆ తరగతిలో నుండియే వత్తురు.

రెండవది, ఏ గ్రూపులో చదివినను పదునెనిమిది నిండబోవు ప్రతి యౌవనస్థునికి సంఘము ఈ పాఠము చెప్పవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. తెలుగులో రాజ్యాంగ ప్రతి ఒకటి, పాత ఇంటర్మీడియట్ పౌరశాస్త్ర పుస్తకములు నాలుగు, రిటైరయిన ఉపాధ్యాయుడు ఒకరు ఉన్నచో చాలును. యౌవనుల సమాజము నెలకొక ఆదివారము సాయంత్రము ఒక గంట కూర్చుండి ప్రాథమిక హక్కులు, గ్రామసభ, వార్డు సభ్యుని పని, ఓటరు జాబితా, ధ్రువీకరణ పత్రములు, న్యాయ సహాయము వరుసగా చదువవచ్చును. సంవత్సరములో పండ్రెండు గంటలు. స్త్రీల సమాజములో కూడ ఇట్లే చేయవచ్చును. మూడవ వంతుకు తక్కువ కాని స్థానములు వారి కొరకు ఉన్నవి గదా.

రయ్యతులుగా పుట్టిన మన తాతలకు ఈ శాస్త్రము దొరకలేదు. దొరికినవారికి అది పరాయి భాషలో దొరికినది. దానిని తెలుగులోనికి తెచ్చుటకు ఒక తరము పాటుపడినది. ఇప్పుడది జూనియర్ కళాశాల పుస్తకాల దుకాణములో, మన భాషలో, తక్కువ వెలకు ఉన్నది. ఈ శతవార్షిక సంవత్సరములో ప్రతి సంఘమును తన గ్రంథాలయమునకు ఆ పుస్తకములను కొని, మొదటి గంట పాఠమునకు ఒక ఆదివారమును ఏర్పరచుకొనవలెనని మా మనవి.